మార్చిలో వస్తదన్న కరెంటు

అహ్మదాబాద్,
17 నవంబరు 2024

మామయ్యకు, అత్తమ్మకు పద్మలత దండాలు.

నువ్వు ఫోన్ ఎత్తి "ఆఁ? ఆఁ?" అనడం, నేను ఇక్కడ క్యాంటీన్లో అందరూ తిరిగి చూసేలా అరవడం ఇక చాలని అత్తమ్మ తీర్పు చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. వేల రూపాయలు పోసి కొన్న చెవి మిషన్ డ్రాయర్లో పడేశావట, అది కూడా తెలిసింది. చెవులు మొరాయిస్తే మొరాయించాయి, నీ కళ్లు బాగున్నాయి కదా. ఎనుమాముల మిర్చి యార్డులో అంత దూరం నుంచే మిరపకాయ రంగు చూసి ఏ ఊరి పంటో చెప్పే కళ్లు. వాటి కోసమే రాస్తున్నాను.

ఈ ప్రయోగశాలలో చేరి నాలుగు నెలలైనా ఇప్పటిదాకా పంపులూ పైపులే చూశాను. నిన్న మొదటిసారి కంట్రోల్ రూములో కూర్చోబెట్టారు. మా యంత్రం ఎలా ఉంటుందంటే, గారె ఆకారంలో ఉక్కుతో చేసిన బోలు గది అనుకో. మనిషి వంగి లోపలికి దూరవచ్చు. అందులోని గాలంతా తోడేసి, కొంచెం హైడ్రోజన్ వదులుతాం. కొంచెం అంటే, ఒక మిరప గింజ బరువులో యాభయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని ముప్పై లక్షల డిగ్రీల దాకా వేడి చేస్తాం. అంత వేడిని ఏ పాత్ర భరిస్తుంది? అందుకే గోడకు తగలకుండా అయస్కాంతాలు దాన్ని మధ్యలోనే పట్టి ఉంచుతాయి.

పది నుంచి వెనక్కి లెక్కపెట్టారు. సున్నా అనగానే తెర మీద గులాబీ రంగు వెలుగు వలయంలా చుట్టుకుని మాయమైంది. అర సెకను కూడా లేదు. అయితే ఆ వెలుగంతా అంచుల్లోనే ఉంది, నడుమ ఏమీ కనిపించలేదు. పక్కన కూర్చున్న గోపాల్ భాయిని అడిగాను. ఆయన ఇక్కడ ముప్పై ఆరేళ్లుగా పనిచేస్తున్నారు. అంచున కాస్త చల్లబడిన చోటే కంటికి కనిపించే వెలుగు వస్తుందట. నడుమ వేడి ఎంత ఎక్కువంటే ఆ వెలుగును చూసే శక్తి మన కళ్లకు లేదట. మామయ్యా, నాకు ఒళ్లు జలదరించింది. మధ్యాహ్నం భోజనం కూడా సరిగా తినలేకపోయాను.

సూర్యుడి కడుపులో హైడ్రోజన్ కణాలు ఒకదాన్నొకటి గుద్దుకుని కలిసిపోతాయి. ఆ కలయికలోంచే ఆ వేడంతా వస్తుంది. మా యంత్రంలో అది ఇంకా జరగదు, దానికి పది కోట్ల డిగ్రీలకు పైన కావాలి. కానీ రెండేళ్ల కిందట అమెరికాలో ఒక ల్యాబులో లేజర్లతో ఆ పని చేసి, వేసిన శక్తికి ఒకటిన్నర రెట్లు తిరిగి రాబట్టారు. మన ఇంట్లో ఒక బిందెడు నీళ్లలో భార హైడ్రోజన్ అనే అరుదైన రకం అరగ్రాము ఉంటుంది. దాన్నంతా మండించగలిగితే చిన్న ట్యాంకరు డీజిలుకు సమానం. బొగ్గు లేదు, పొగ లేదు. ఇది చేతికొస్తే నీ కోల్డ్ స్టోరేజీ కరెంటు బిల్లు మీద ఇంట్లో గొడవే ఉండదు.

ఇక్కడ పప్పులో కూడా బెల్లం వేస్తున్నారు. ఎవరైనా వస్తుంటే కారప్పొడి పంపండి.

మీ మేనకోడలు,
పద్మలత

---

వరంగల్,
1 డిసెంబరు 2024

బిడ్డా పద్మా, నీకు మా ఇద్దరి దీవెనలు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మూడుసార్లు నాలో నేను చదువుకుని, నాలుగోసారి మీ అత్తమ్మకు వినిపించాను. ఆమె మోకాలికి మందు రాసుకుంటూ వింటున్నది కాస్తా రాయడం ఆపేసి కూర్చుంది. నలభై ఏళ్ల కాపురంలో నా మాట ఆమె అంత శ్రద్ధగా విన్నది అదే మొదటిసారి.

మర్నాడు ఉత్తరం జేబులో పెట్టుకుని యార్డుకు పోయి, చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చుని అందరికీ చదివాను. హమాలీలు బస్తాలు దించి నిలబడ్డారు. నర్సంపేట దగ్గరి మొగిలమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. ఏటా అరవై బస్తాలు మన దగ్గరే పెడుతుంది. మిరప గింజలో యాభయ్యో వంతు అన్న దగ్గర ఆమె తన కొంగులోంచి నిజంగానే ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకుంది. "గిండ్ల యాభయ్యో పాలుతోని సూర్యున్ని చేస్తాండ్లా" అని ఆ గింజనే చూస్తూ ఉండిపోయింది. నాకు కూడా ఆ గింజ మీది నుంచి చూపు మరల్చబుద్ధి కాలేదు.

నా సంగతి కూడా విను. పోయిన ఎండాకాలం బిల్లు చూసి, స్టోరేజీ అమ్మేద్దామన్నంత దూరం పోయాను. కప్పు మీద సోలార్ పెట్టాలి, లేదంటే అమ్ముకోవాలి, ఇంకో దారి లేదనుకున్నాను. నీ ఉత్తరం చూశాక మనసు తేలికపడింది. సోలార్ ప్యానెళ్లు బిగించే రాజమల్లు కాగితాలు తెచ్చాడు. ఇరవై ఐదేళ్ల ఒప్పందమట. తొందరేముంది, చూద్దాంలే అని చాయ్ తాగించి పంపించాను.

ఇంతకూ మీ యంత్రం మొదలయ్యేది ఎప్పుడు? నెల చెప్పు, చాలు.

కారప్పొడి మీ అమ్మ శారద చేతికి ఇచ్చాను. అది పంపుతుందో, తనే వాడుకుంటుందో నేను చెప్పలేను.

మామయ్య,
చంద్రమౌళి

---

అహ్మదాబాద్,
19 జనవరి 2025

మామయ్యా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. యంత్రం విప్పి కొత్త భాగాలు బిగిస్తున్నాం. నువ్వడిగావు కదా, మార్చి రెండో వారంలో మొదలవుతుంది. అందాకా ఎవరికీ సెలవు లేదు.

ఇప్పుడు నా పని కారడం ఎక్కడుందో పట్టుకోవడం. నీళ్లు కారడం కాదు. ఉక్కు గదిలో గాలి అసలు లేకుండా చేయాలి, కానీ ఏదో ఒక అతుకులోంచి కొంచెం దూరుతూనే ఉంటుంది. బయట నుంచి ప్రతి అతుకు మీదా హీలియం వాయువును సన్నగా ఊదుతాం, లోపల ఒక పరికరం కాపలా కాస్తుంది. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి సందు ఉన్నా హీలియం దూరిపోతుంది, వెంటనే పరికరం కూస్తుంది. మొన్న పదకొండు రోజులు వెతికాక ఒక అతుకు దొరికింది. గోపాల్ భాయి ఆ చోట సుద్దతో సున్నా చుట్టి, దండం పెట్టి, మాకందరికీ జిలేబీ తెప్పించారు. మన చేతులతో చేసిన ఒక వస్తువు లోపల అంత ఖాళీని తయారు చేయగలగడం నాకు రోజూ వింతగానే ఉంటుంది.

రాజమల్లు పని వాయిదా వేశానన్నావు. అతని మాట మీద నమ్మకం లేకపోతే హనుమకొండలో ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు, అడిగి చూడు.

కారప్పొడి అందింది. అమ్మ సగమే పంపింది.

పద్మలత

---

వరంగల్,
20 మార్చి 2025

బిడ్డా,

మొదలైందా? రెండో వారం అన్నావు, మూడో వారం కూడా వచ్చింది. ఇక్కడ అందరూ నన్ను రోజూ అడుగుతున్నారు, నేనేమో కాలరెత్తుకుని తిరుగుతున్నాను.

ఈసారి మిర్చి విరగపండింది, ధర మాత్రం పడిపోయింది. రైతులు అమ్ముకోలేక స్టోరేజీల చుట్టూ తిరుగుతున్నారు. మిగతా వాళ్లందరూ కిరాయి పెంచారు. నేను పెంచలేదు. మార్చిలో మా పద్మ కరెంటు మొదలైతదని, ఈ ఏడు పాత కిరాయే అని యార్డులో అందరి ముందూ మాటిచ్చాను. స్టోరేజీ గొంతు దాకా నిండింది. నడవడానికి దారి కూడా లేదని మన ఆపరేటర్ కట్టయ్య సణుగుతున్నాడు. మూడు కంప్రెసర్లూ ఆగకుండా తిరుగుతున్నాయి.

రాజమల్లు మళ్లీ వచ్చాడు. సబ్సిడీ గడువు ఈ నెలాఖరుకే అయిపోతుందట. ఇంకొకరికి ఇచ్చుకోమన్నాను. ఇంట్లో సూర్యుణ్ని తయారు చేస్తుంటే ఎక్కడో ఉన్న సూర్యుడి కోసం ఇరవై ఐదేళ్లు కట్టుబడడం ఎందుకని అడిగాను. పాపం, వాడు కాగితాలు సర్దుకుని పోయాడు.

ఇక పని మాట. ఆ కరెంటు గుజరాత్ నుంచి మన దాకా ఏ లైను మీద వస్తుంది? దరఖాస్తు హనుమకొండ కరెంటాఫీసులో ఇవ్వాలా, మీ దగ్గరికే పంపాలా? ఏప్రిల్ బిల్లు రాకముందే పని కావాలి.

మామయ్య,
చంద్రమౌళి

---

అహ్మదాబాద్,
27 మార్చి 2025

మామయ్యా,

నీ ఉత్తరం చదివిన వెంటనే ఇది రాస్తున్నాను. ముందు ఈ మాట చదువు, తర్వాత మిగతాది. మా దగ్గర నుంచి నీకు కరెంటు రాదు. ఈ మార్చిలో రాదు, వచ్చే మార్చిలో రాదు. నువ్వుండగా రాకపోవచ్చు. నా ఉద్యోగం ముగిసేలోపు నేను చూస్తానో లేదో నాకే తెలియదు.

మార్చిలో మొదలైనవి మా కొత్త విడత పరీక్షలు. మా యంత్రం పుట్టినప్పటి నుంచి ఒక్క యూనిట్ కూడా తయారు చేయలేదు. ప్రతిసారీ లైన్లోంచి తీసుకోవడమే. అమెరికాలో ఒకటిన్నర రెట్లు వచ్చాయన్నాను కదా. అది లేజర్ల వెలుగుతో పోల్చిన లెక్క. ఆ లేజర్లను నడపడానికి లైన్లోంచి లాగిన కరెంటు, తిరిగి వచ్చినదానికి దాదాపు వంద రెట్లు. ఈ సంగతి నాకు తెలుసు. నీకు రాయాలని తోచలేదు, సంబరంలో ఉన్నాను.

చవకా అంటే, అది కూడా చెబుతాను. ఇంధనం నీళ్లలోంచే వస్తుంది, దాని ఖర్చు లెక్కలోకి రాదు. యంత్రమే ఖరీదు. ఫ్రాన్సులో చాలా దేశాలు కలిసి కడుతున్న పెద్ద యంత్రంలో పది కోట్ల డిగ్రీలకు మించిన మంట ఉంటుంది. దానికి కొద్ది మీటర్ల దూరంలోనే నీ స్టోరేజీ కంటే రెండు వందల డెబ్బై డిగ్రీలు ఎక్కువ చల్లగా ఉండే అయస్కాంతాలుంటాయి. మనుషులు ఇలాంటిదాన్ని కట్టడానికి పూనుకున్నారంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అది కూడా కరెంటు అమ్మడానికి కాదు, పరీక్షకే. వచ్చే దశాబ్దం మధ్యకు గాని మొదలు కాదు. ఆ మంట పక్కన ఏళ్ల తరబడి నిలిచే గోడ ఎవరి దగ్గరా లేదు. పదేళ్లలో అమ్ముతామనే కంపెనీలున్నాయి. మా క్యాంటీన్లో అడిగితే ముప్పై ఏళ్లంటారు. వచ్చిన రోజున కూడా అది సోలార్ కన్నా చవకగా ఉంటుందని ఎవరూ మాటివ్వలేరు.

రాజమల్లుకు ఈ రోజే కబురు పెట్టు. నిన్ను బతిమాలుకుంటున్నాను. నాకు నీ మీద కోపం కూడా వస్తోంది, ఒక్క మాట సూటిగా అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేదా? నువ్వు అందరి ముందూ మాటిచ్చింది నా పేరు మీద. స్టోరేజీ నా వల్ల పోతే నేను మీ గుమ్మం ఎలా ఎక్కాలి?

పద్మలత

---

వరంగల్,
14 ఏప్రిల్ 2025

పద్మా,

పదిహేను రోజులు కావాలనే జవాబు రాయలేదు. రాస్తే ఏం రాసేవాడినో నాకే భయమేసింది.

మన యార్డులో జెండా పాట నీకు తెలిసిందే. పొద్దున అన్నిటికన్నా మంచి సరుకున్న రాశి దగ్గర జెండా పాతి వ్యాపారులు పాట పాడతారు. అక్కడ పలికిన ధరే పేపర్లో వస్తుంది. కానీ అది ఆ ఒక్క రాశి ధర. మిగతా వేల బస్తాలకు అంత రాదు. జెండా ధర విని ఇంటికి పోయి లెక్కలు వేసుకోవద్దని నలభై ఏళ్లుగా ప్రతి కొత్త రైతుకూ నేను చెబుతాను. నువ్వు రాసిన ఒకటిన్నర రెట్లు జెండా పాట. విని ఇంటికొచ్చి లెక్కలు వేసుకున్నది నేను. నీ మొదటి ఉత్తరం మళ్లీ తీసి చూశాను. మా యంత్రంలో అది ఇంకా జరగదని స్పష్టంగానే రాశావు. ఆ వాక్యం ఐదుసార్లు చదివాను, ఐదుసార్లూ దాటేశాను. తప్పు నీది కాదు. కోపం మాత్రం నీ మీదే వచ్చింది, ఏం చేయను.

రాజమల్లు సబ్సిడీ గడువు అయిపోయింది. బిల్లు వచ్చింది. పాత కిరాయితో జూలై దాటి నడపలేను. కిరాయి పెంచితే మాట తప్పినవాణ్ని. పెంచకపోతే స్టోరేజీ అమ్ముకోవాలి, భానుచందర్ అనే వ్యాపారి కొంటానని కూర్చున్నాడు, జూన్ ఆఖరుకు జవాబు కావాలట. అతను కొని గోదాము చేస్తాడు, కంప్రెసర్లు పీకేస్తాడు. అప్పుడు మొగిలమ్మ లాంటి వాళ్లు ఈ ఎండల్లో బస్తాలు ఎత్తుకుని ఎక్కడికి పోవాలి?

అమ్మే ముందు నాకొక కోరిక ఉంది. నేను దేన్ని నమ్మి ఈ పని చేశానో దాన్ని ఒక్కసారి నా కళ్లతో చూడాలి. చూపిస్తావా?

చంద్రమౌళి

---

అహ్మదాబాద్,
2 మే 2025

మామయ్యా,

ల్యాబు చూడడానికి జూన్ 11కి మీ ఇద్దరికీ పాసులు దొరికాయి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు నీకూ అత్తమ్మకూ టికెట్లు తీశాను. నేనే స్టేషన్‌కు వస్తాను. అక్కడ కనిపించేది తెర మీద రెప్పపాటు వెలుగు మాత్రమే. ఇంత దూరం ఇందుకా వచ్చింది అని నువ్వంటే తట్టుకునే ధైర్యం నాకు లేదు, అందుకే ముందే చెబుతున్నాను. చెవి మిషన్ మర్చిపోకు.

పద్మలత

---

వరంగల్,
29 జూన్ 2025

నా బంగారు బిడ్డ పద్మలతకు,

చెవి మిషన్ మర్చిపోలేదు, కావాలనే తేలేదు. తెచ్చి ఉంటే ఈ సంగతి నాకు తెలిసేది కాదు. మీరందరూ వెనక్కి లెక్కపెడుతుంటే నాకేమీ వినబడలేదు, పెదవులే చూస్తున్నాను. ఉన్నట్టుండి నా అరికాళ్ల కింద నేల దభీమని తన్నింది. అది ఎముకల్లోకి ఎక్కింది. అప్పుడే తెర మీద ఆ గులాబీ వలయం కనబడింది. నువ్వు చెప్పినట్టే నడుమ ఏమీ లేదు. ఏమీ లేని ఆ చోటునే చూశాను బిడ్డా. మీ అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ చెప్పడానికి సిగ్గేసి, కంట్లో ఏదో పడిందన్నాను.

నువ్వు పాసులు తిరిగి ఇవ్వడానికి పోయినప్పుడు గోపాల్ భాయి నాకొక రిజిస్టరు చూపించాడు. యంత్రాన్ని ఒక్కసారి వెలిగిస్తే ఒక షాటట, ముప్పై వేల పైచిలుకు షాట్లు. వెలగనివి, మధ్యలో ఆరినవి, అన్నీ తేదీతో సహా రాసి ఉన్నాయి. ఏదీ కొట్టివేయలేదు. నేను ఆయన్ని అడిగాను, దీని కరెంటుతో వెలిగే బల్బు మీరు చూస్తారా అని. నాకు వినబడదని ఆయన ఒక చీటీ మీద జవాబు రాసిచ్చాడు. స్కూల్లో నేర్చిన హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివాను. "నేను చూడను. రేపు తొమ్మిదింటికి షాట్ ఉంది, మీరు రావచ్చు" అని ఉంది. వచ్చే ఏడు రిటైర్ అవుతున్న మనిషి, రేపు తొమ్మిదింటికి షాట్ ఉందని ఎంత ఉషారుగా రాశాడో. రైల్లో దారి పొడుగునా ఆ చీటీనే చూస్తూ వచ్చాను.

సోమవారం యార్డుకు పోయాను. అదే చాయ్ హోటల్, అదే బల్ల. ఈసారి నీ మార్చి ఉత్తరం చదివాను, మొదటి అక్షరం నుంచి చివరి దాకా, నన్ను తిట్టింది కూడా వదలకుండా. చదివి, గోపాల్ భాయి సంగతి కూడా వినిపించి, మాట తప్పుతున్నాను, కిరాయి పెంచకుంటే స్టోరేజీ మూసుకోవాలి, తప్పు నాది అని చెప్పాను. పద్మా, నలభై ఏళ్లలో ఆ యార్డులో నేను తల దించుకుని నిలబడింది ఆ రోజే.

మొగిలమ్మ గొంతు నీకు తెలుసు కదా, అది నా చెవులకు కూడా వినబడుతుంది. దగ్గరికొచ్చి, ఆ ముసలాయన సంగతి ఇంకోసారి చెప్పమంది. చీటీ తీసి చూపించాను. ఆమెకు చదువు రాదు, అయినా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తను సూడనని తెల్సి గూడ పనికి పోతాండా?" అంది.

"పోతాండు," అన్నాను.

"మరి మన పిల్ల, రాదని సొంత చేత్తోని రాసిందా?"

"రాసింది."

ఆమె చీటీ నా చేతికి తిరిగిచ్చింది. తర్వాత నాతో కాదు, అక్కడున్న రైతులందరితో అంది. "వస్తదని చెప్పేటోళ్లను మస్తుమందిని సూసినం. రాదని రాసిన పిల్ల ఈమెనే. తెస్తే గిసుంటోళ్లే తెస్తరు దాన్ని. సేటూ, కిరాయి పెంచుకో. జర మిషన్లు మాత్రం బందు పెట్టకు."

ఒకరి తర్వాత ఒకరు తలూపారు. ఇద్దరు మాత్రం సణుక్కుంటూ బస్తాలు తీసుకుపోయారు, వాళ్లను ఏమీ అనలేను. మర్నాడు భానుచందర్‌కు అమ్మనని చెప్పేశాను. రాజమల్లును ఇంటికి పిలిచి క్షమాపణ అడిగి, సబ్సిడీ లేకుండానే సంతకం పెట్టాను. వానలు తగ్గాక ప్యానెళ్లు బిగిస్తాడు.

నిన్న మొగిలమ్మ మళ్లీ వచ్చింది, బస్తాల కోసం కాదు. ఆ రిజిస్టరులో ఇప్పుడు ఎన్నో నంబరు నడుస్తోందని అడిగింది. తెలియదన్నాను. ఇక ఎప్పుడొస్తదని నేను నిన్ను అడగను బిడ్డా. నెలకోసారి ఆ నంబరు రాసి పంపు, యార్డులో చదివి వినిపించాలి. ఆరిపోయినవి కూడా రాయి.

మామయ్య,
చంద్రమౌళి